లక్షణాలు లేని ఏళ్లలో హెచ్‌ఐవీ ఏం చేస్తుంది?

హెచ్‌ఐవీ సోకినవారు మందులు వాడకపోయినా చాలాకాలం మామూలుగానే తిరుగుతారు. ఎయిడ్స్ దశ రావడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ వైరస్ దాదాపు నిద్రపోతుందనే ఒకప్పుడు వైద్యులూ అనుకునేవారు. 1995లో శాస్త్రవేత్తలు డేవిడ్ హో, జార్జ్ షాల బృందాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. వైరస్ పెరగకుండా మందులిచ్చి చూస్తే, కొద్ది రోజుల్లోనే రక్తంలో దాని సంఖ్య పడిపోయింది. అంటే అంతవరకూ ఆ సంఖ్య నిలకడగా కనిపించింది వైరస్ ఊరుకున్నందువల్ల కాదు, ఎంత నశిస్తోందో అంతా మళ్లీ పుడుతున్నందువల్ల. ఆ లెక్క రోజుకు వందల కోట్లు.

వైరస్ పట్టేది సీడీ4 కణాలను. మిగతా రక్షణ కణాలకు ఎప్పుడు, దేనిమీద దాడి చేయాలో చెప్పేవి ఇవే. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కణపు జన్యువుల్లో అతికిస్తుంది. ఇక ఆ కణమే కొత్త వైరస్‌లను తయారుచేస్తుంది. మొదటి దెబ్బ తగిలేది పేగులకు. అక్కడి సీడీ4 కణాల్లో అధికభాగం తొలి వారాల్లోనే పోతాయి. రక్తపరీక్షలో ఆ నష్టం పూర్తిగా కనిపించదు. వైరస్ సోకని కణాలు కూడా ఎడతెగని వాపు వల్ల చస్తాయి. మైక్రోలీటరు రక్తంలో 500కు పైగా ఉండాల్సిన సీడీ4 కణాలు 200 కన్నా తగ్గితే అది ఎయిడ్స్. ఈ దశలో, నోట్లో మొదలైన తెల్లపూత గొంతు దిగి అన్నవాహికకు పాకుతుంది, ముద్ద మింగడమే కష్టమవుతుంది. ఒంట్లో అణగి ఉన్న టీబీ తిరగబెడుతుంది. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది ఆ టీబీయే.

‘ఒంట్లో బాగానే ఉంటే జీవితాంతం మందులెందుకు?’ అన్న ప్రశ్న సహజమే. పాత మందుల దుష్ప్రభావాలు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆగి చూడటంలో అర్థముండేది. కానీ 2015లో స్టార్ట్ అనే అధ్యయనం దీనికి సూటిగా జవాబిచ్చింది. సీడీ4 500 పైన ఉండగానే మందులు మొదలుపెట్టినవారిలో, ఆగినవారికన్నా తీవ్ర అనారోగ్యం, మరణాల ముప్పు 57 శాతం తగ్గింది. మరి, బాగయ్యాక మానేయొచ్చా? అదీ కుదరదు. జన్యువుల్లో దాగిన వైరస్‌ను మందులు తుడిచేయలేవు. మానితే వారాల్లోనే తిరిగొస్తుంది.

అందుకే 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా వెంటనే చికిత్స ఇస్తున్నారు. ప్రభుత్వ ఐసీటీసీ (సలహా, పరీక్షా కేంద్రం)లో పరీక్ష, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో మందులు ఉచితం. అనుమానం ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి. పరీక్ష చేయించుకోండి.