అద్దపుతొట్టెలో పచ్చని తివాసి

గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు మొదలగు మన ఊళ్ళలో పెక్కు యిండ్లయందు చేపల అద్దపుతొట్టెలు కానవచ్చుచున్నవి. పిల్లలు ముచ్చటపడి తెప్పింతురు. ముచ్చట తీరిన పిదప దాని పోషణభారము తల్లిమీదనే పడును. నీరు మార్చుట, గాజు తుడుచుట, చచ్చిన చేపను పిల్లలు నిద్ర లేవకమునుపే తీసివేయుట, ఇవన్నియు ఇల్లాలి పనులే. కావున ఈ తొట్టెను గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

తొట్టె అడుగున రంగురాళ్ళు పోసి ప్లాస్టిక్ మొక్కలు నిలుపుట ఇప్పటి వాడుక. అది మాకు రుచింపదు. దానికి బదులు ముందుభాగమున నేలను అంటి ప్రాకెడి సజీవమైన పచ్చిక పెంచినచో కంటికి చలువ, చేపలకును మేలు. వాని మలమునుండి పుట్టు లవణములను ఆ మొక్క ఆహారముగా గైకొనును. చిన్నపిల్లలు పెద్ద చేపల నోటబడక ఆకులలో దాగును. ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిగడ్డిని, కుళ్ళిన ఆకును తినుటకు నత్తలను ఒకే పాత్రలో నుంచి, అవి ఒకదానినొకటి పోషించుకొనుటను లోకమునకు తెలిపెను. అద్దపుతొట్టెను ఉద్యానవనమువలె తీర్చు విద్యకు మన కాలమున వన్నె తెచ్చినవాడు జపానుదేశపు తకాషి అమానో. ఆయన 2015లో గతించెను.

ఆయన చిత్రములు చూచి ముచ్చటపడి కొందఱు క్యూబా ద్వీపపు చిన్నాకు మొక్కను, ఆస్ట్రేలియా గ్లాసోస్టిగ్మాను కొని తెచ్చుచున్నారు. ఇవి మిక్కిలి సుకుమారములు. వీనికి తీవ్రమైన వెలుతురు వలయును. సిలిండరునుండి బొగ్గుపులుసుగాలి, అనగా పిల్లలు పాఠములలో కార్బన్ డయాక్సైడ్ అని చదువునది, బొట్టుబొట్టుగా నీటిలోనికి వదలవలయును. నీరు వేడెక్కినకొలది వాయువులు అందు కరగుట తగ్గును. వైశాఖమున మన పల్నాటి ఎండలకు ఈ మొక్కలు కరగిపోవుటలో వింత యేమున్నది? ఖర్చంతయు నీళ్ళపాలు.

మన పొలములలోనే యిందుకు తగిన మొక్క యున్నది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కృష్ణా కాలువల క్రింది వరిమళ్ళలో నాలుగు ఆకులు స్వస్తికమువలె తీర్చిన చిన్న మొక్క బురదపై ప్రాకుచుండును. దానిని చికిలింతకూర యందురు, సంస్కృతమున సునిషణ్ణకము, శాస్త్రజ్ఞులు మార్సీలియా యందురు. చూచుటకు పులిచింతాకును పోలియున్నను ఇది పువ్వు పూయని ఫెర్ను జాతి. నిద్ర పట్టించు కూరయని ఆయుర్వేదమున దీనికి పేరు. కలుపుతీయు స్త్రీలు దీనిని పెఱికి గట్టున పాఱవేయుదురు. మీకు గుర్తు తెలియనియెడల వారినే యడుగుడు. ఏ పుస్తకముకన్నను వారు బాగుగా చూపగలరు.

అయితే ఒక్క మాట మఱువరాదు. మిరపతోటల మురుగు వచ్చు కాలువలనుండి ఈ మొక్కను తేవలదు. 2021లో క్రొత్తరకపు తామరపురుగు మిరపను పాడుచేసినప్పుడు రైతులు మందుపై మందు కొట్టవలసివచ్చెను. ఆ మందులలో కొన్ని మనకు కానరానంత కొంచెముగా నున్నను చేపలను చంపును. మందు కొట్టని మడినుండియో చెరువునుండియో తెచ్చి, మూడు వారములు వేఱొక బేసినులో నుంచి, రెండు దినముల కొకమారు నీరు మార్చవలయును. నత్తగ్రుడ్లు, జలగలు ఉన్నను అప్పుడు బయటపడును. పొలమునుండి వచ్చిన చేతులు సబ్బుతో కడుగక తొట్టెలో ముంచరాదని ఇంటిలోని మగవారికిని చెప్పవలయును.

ఇక నేల. మన నల్లరేగడి సారవంతమే కాని, తొట్టెలో పఱచినచో కదలించినప్పుడెల్ల నీరు కాఫీవలె నగును. ఎరువు తగలని పెరటి రేగడిని జల్లించి, అందలి సున్నపుగుల్లలు ఏరివేసి, గోలీకాయలంత ఉండలు చేసి ఎండబెట్టుడు. బాగుగా కడిగిన కృష్ణయిసుకను రెండంగుళముల మందమున పోసి, అందు జానెడు కొకటి చొప్పున ఈ ఉండలను లోతుగా గ్రుచ్చుడు. వేళ్ళు తామే వెదకికొనును.

నీటి విషయమై ప్రకాశము జిల్లావారికి జాగ్రత్త యెక్కువ కావలయును. కనిగిరి, దర్శి ప్రాంతముల బోరునీటిలో లవణములు, ఫ్లోరైడు ఎక్కువ. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టు నీటిలో సగము వాననీరైనను, శుద్ధిచేసిన నీరైనను కలుపుట మంచిది. కుళాయినీటిని వెడల్పయిన పాత్రలో ఒక దినము నిలువనిచ్చిన క్లోరిను పోవును.

తీగను రెండు మూడు కణుపుల ముక్కలుగా కత్తిరించి, పొడవైన కాడల ఆకులు తీసివేసి, పట్టకారుతో అంగుళమున్నర యెడముగా నాటవలయును. ఓపిక పరీక్షించునది ఇప్పుడే. గాలిలో పెరిగిన పాత ఆకులు పసుపువన్నెకు తిరిగి కుళ్ళును. మొక్క చచ్చెనని పెఱికివేయకుడు. నీటిలో పుట్టు క్రొత్త ఆకు వేఱు రూపు దాల్చును: నాలుగు రెక్కలకు బదులు ఒకటియో రెండో, పొట్టి కాడపై. నెల దాటిన పిదప తీగ సాగును. తివాసి కుదురుకొనుటకు మూడు నాలుగు నెలలు పట్టును. ఏ ఆకైనను కాడ సాచి పైకి తేలినచో మొదటికి కత్తిరింపుడు.

దీపము దినమునకు ఏడెనిమిది గంటలు చాలును. కిటికీ యెండ తగిలినచో పాచి పట్టును, నీరు కాగును. ఎండకాలమున మూత తీసి, చిన్న పంకా గాలి నీటిపై తగులనిచ్చిన రెండు మూడు డిగ్రీలు తగ్గును. తగ్గిన నీరు ప్రొద్దుట పోయుచుండవలయును.

కత్తిరించిన ముక్కలను, ముఖ్యముగా అంగడిలో కొన్న పరదేశపు మొక్కలను, కాలువలో పాఱవేయరాదు. దక్షిణ అమెరికానుండి పువ్వు సొగసుకై తెచ్చిన గుర్రపుడెక్క మన కాలువలను ఎట్లు క్రమ్మినదో యెల్లరెఱిగినదే. ఎండబెట్టి పెరటి పాదులో వేయుడు. చికిలింత ముక్కలు మిగిలినచో ఒక పళ్ళెములో బురద పోసి నాటి వాకిట నుంచుడు. నీటి వెలుపల అది మరల నాలుగు రెక్కలు తొడుగును. చీకటి పడగానే ఆ రెక్కలు ముడుచుకొనును; పిల్లలు అన్నము తినుట మాని చూచుచుందురు.