నూరేండ్ల సీసా: జిందా తిలిస్మాత్ కత

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ల దిగి ఏ గల్లీకి పోయినా, కిరాణా దుకాణంల ఒక చిన్న సీసా కనవడ్తది. డబ్బా మీద నల్లటి మనిషి బొమ్మ ఉంటది. అదే జిందా తిలిస్మాత్. సర్ది అయినా, తలకాయ నొచ్చినా, కడుపుల గడబిడ అయినా మన ఊర్లల్ల అవ్వలు గూడ దీన్నే అడుగుతరు. తమ్మీ, చెల్లే, గీ సీసా ఎనుక ఒక కుటుంబం కత ఉన్నది.

1920 సంవత్సరంల హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ దీన్ని మొదలువెట్టిండు. హకీం అంటే యునాని వైద్యుడు. యునాన్ అంటే గ్రీసు దేశం. అక్కడి వైద్యం అరబ్బుల చేతులల్ల పెరిగి, మన దేశానికి వచ్చి, మన ఆకులు అలుములతోని కలిసిపోయింది. నిజాం రాజ్యంల దానికి సర్కారు అండ ఉండె. చార్మినార్ పక్కన ఉన్న నిజామియా యునాని దవాఖానను ఏడో నిజాం కాలంలనే కట్టిండ్రు.

హకీం అంటే నాడి చూసి, మనిషికో మందు నూరి ఇచ్చేటోడు. ఫారూఖీ దారి వేరు. మందు ఒక్కటే, కొలత ఒక్కటే, సీసా ఒక్కటే. హకీం దాక పోలేనోళ్ల ఇంటికి మందే పోయింది. చదువు రానోళ్లు గూడ బొమ్మ చూసి గుర్తువట్టేటోళ్లు.

ఆ బొమ్మల ఉన్నది సిద్దీ. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినోళ్లు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం ఫౌజుకు చేరిన సిద్దీ గుర్రపు దళం పేరు మీదనే హైదరాబాద్‌ల ఏసీ గార్డ్స్ బస్తీ ఉన్నది. బలానికి గుర్తుగ వాళ్ల బొమ్మ డబ్బా మీదికి ఎక్కింది. బొమ్మను అందరు గుర్తువడ్తరు గని, ఆ మనుషుల కత ఎంతమందికి ఎరుక?

ఇగ సీసాల ఏమున్నది? ఎక్కువ భాగం నీలగిరి తైలం. దాంట్ల కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్ కలుపుతరు. వాసన పీల్చంగనే ముక్కు తెరుసుకున్నట్టు అనిపిస్తది. పుదీనా పువ్వు మన నరాలకు ‘సల్లగుంది’ అని కబురు పంపుతది, అందుకే ఊపిరి సులువైనట్టు తోస్తది. బాధ తగ్గుతది. కని జబ్బు పురుగు సచ్చినట్టు కాదు.

మూసీకి అవుతల అంబర్‌పేటల కార్ఖానా ఉన్నది. తరాలు మారినా అదే కుటుంబం నడుపుతున్నది. ఫారూఖీ పండ్ల పొడి, జిందా బామ్ గూడ వాళ్లయే. ఇదే హైదరాబాద్‌ల 1984ల కల్లం అంజిరెడ్డి పెట్టిన డాక్టర్ రెడ్డీస్ దేశదేశాలకు మందులు పంపేటంత పెద్దగైంది. ఫారూఖీ కుటుంబం మాత్రం గరీబోడు కొనగలిగే చిన్న సీసానే పట్టుకోని నూరేండ్లు దాటింది. రెండూ మన నగరం కతలే.

అయితే ఒక మాట యాదిల పెట్టుకోండ్రి. జిందా తిలిస్మాత్ అంటే ప్రాణమున్న మాయ అని అర్థం. పేరు మాయదే గని, సీసాల ఉన్నది తైలం. పసిపిల్లలు నీలగిరి తైలం మింగితే ఫిట్స్ రావచ్చు, పానానికే ముప్పు. సీసా వాళ్ల చేతికి అందకుండ పెట్టాలె. జరం మూడొద్దులైనా తగ్గకున్నా, ఆయాసం వచ్చినా, రొమ్ముల నొప్పి లేసినా, సీసా పక్కకు పెట్టి దవాఖానకు పోవాలె.

పోదామంటే దవాఖాన దగ్గర లేదు, ఉన్నకాడ డాక్టర్ లేడు. అందుకే మనోళ్లు సీసా మీదనే భారం ఏస్తరు. అది ఫారూఖీ కుటుంబం తప్పు గాదు. సర్దికి సీసా ఇచ్చుడు వాళ్ల పని, అది వాళ్లు చేసిండ్రు. ఊరికి డాక్టర్‌ను ఇచ్చుడు సర్కారు పని. మీ ఊరి ఆరోగ్య కేంద్రంల డాక్టర్ ఏ రోజు ఉంటడో, ఏ మందులు ఉన్నయో రేపే పోయి అడుగుండ్రి.