పండుగ విందు కాదు, ప్రతిరోజూ పుచ్చుకునేదే ముప్పు

ఆరోగ్యానికి అన్నిటికన్నా చెడ్డ ఆహారం ఏదని అడిగితే మన ఇళ్లలో చాలామంది వెంటనే బిర్యానీ పేరు చెబుతారు. కొందరు మాంసం అంటారు, మరికొందరు నెయ్యి అంటారు. వలీమా విందులోనో పండుగ పూటనో కడుపునిండా తిని, మరునాడు బరువెక్కిన కడుపుతో ‘ఇకనుంచి తగ్గించాలి’ అని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం చేసుకునే వేళ చేతిలో రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్, పక్కన నాలుగు బిస్కట్లు ఉంటాయి. వాటి మీద మాత్రం ఎవరికీ అనుమానం కలగదు.

నెలకు ఒకసారి వచ్చే విందు కన్నా, నెలకు తొంభైసార్లు నోటిలోకి వెళ్లే వస్తువే శరీరం మీద ఎక్కువ ప్రభావం చూపుతుంది. ఈ చిన్న సత్యాన్ని మరచినందువల్ల మనం చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్లమంది మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13.6 కోట్లమంది ఆ వ్యాధి గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఇంట్లో ఒక్కరికి మధుమేహం ముదిరి మూత్రపిండాలు దెబ్బతింటే, ఆ కుటుంబం సంపాదనంతా ఆసుపత్రుల పాలవుతుంది. అందుచేత రోజూ మన దస్తర్‌ఖాన్ మీదికి వస్తున్నవాటిలో నిజంగా హాని చేసేవి ఏవో పాఠకుల ముందుంచాలని మేము భావించాము.

తినే తీపి కన్నా తాగే తీపి ప్రమాదం

ఒక్కదాన్నే ఇంట్లోనుంచి బయటికి పంపగలిగితే దేన్ని పంపాలి అని ఎవరైనా అడిగితే, కూల్‌డ్రింకునే పంపమని మేము చెబుతాము. సాధారణ కూల్‌డ్రింకులో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసుతో 25 గ్రాముల చక్కెర, దాదాపు ఆరు చెంచాలు, లోపలికి పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషి రోజు మొత్తంలో తీసుకోదగిన చక్కెర 20 నుంచి 25 గ్రాములే. ఆ ఒక్క గ్లాసుతోనే రోజుకు సరిపడే వాటా పూర్తయిపోతుంది.

అదే చక్కెరను మిఠాయి రూపంలో తింటే కొంతసేపటికి మొహం మొత్తుతుంది. ద్రవరూపంలో తీసుకున్న చక్కెర ఆకలిని తీర్చదు. కూల్‌డ్రింకు తాగినవారు ఆ మేరకు అన్నం తగ్గించి తినరు. పైగా రక్తంలోకి ఒక్కసారిగా చేరిన ఆ తీపిని సర్దుబాటు చేయటానికి శరీరం శ్రమపడుతుంది. మిగులు చక్కెర కాలేయంలో కొవ్వుగా మారుతుంది.

బిర్యానీ తిన్నాక కూల్‌డ్రింకు తాగితే అరుగుతుందన్న నమ్మకం మన దావత్‌లలో పాతుకుపోయింది. తాగగానే వచ్చే త్రేన్పు ఆ పానీయంలో కలిపిన వాయువు బయటికి రావటమే తప్ప, తిన్నది అరిగిందనటానికి గుర్తు కాదు. పళ్లరసం కూడా ఈ విషయంలో అమాయకమైనదేమీ కాదు. బత్తాయిని తొనలుగా తింటే పీచుతో పాటు తీపి నెమ్మదిగా లోపలికి పోతుంది. నాలుగు బత్తాయిలు పిండి వడగట్టి తాగితే పీచు చెత్తబుట్టలోకి, తీపి రక్తంలోకి చేరుతాయి. ఇఫ్తార్ వేళ గ్లాసుల కొద్దీ తాగే రంగు షర్బత్‌ల లెక్క కూడా ఇంతే.

తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన మరో విషయం ఉంది. పిల్లలకు విరేచనాలైనప్పుడు ఇవ్వవలసిన అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. దానికి ఎన్నో రెట్ల చక్కెర కలిపిన తీపి పానీయాలు అదే పేరును పోలిన పేర్లతో మందుల దుకాణాల్లో సైతం అమ్ముడుపోయాయి. అధిక చక్కెర విరేచనాలను మరింత పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పట్టుదలగా పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదేనా అని అడిగి తీసుకోవటం మన బాధ్యత.

చాయ్: ఎంత, ఎప్పుడు, ఎంత వేడిగా?

చాయ్ విషం కాదు. దానిలో పడే చక్కెర, దాన్ని తాగే సమయం అసలు సమస్యలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పులు తాగేవారికి చాయ్ ద్వారానే దాదాపు 25 గ్రాముల చక్కెర అందుతుంది. ఆ తరువాత తినే బిస్కటు, మిఠాయి, జామ్ అన్నీ పరిమితికి మించినవే.

దీనికి ప్రతి గృహిణీ చేసుకోదగిన తేలికైన పరీక్ష ఒకటున్నది. నెల సరుకుల చీటీ తీసి చూడండి. ఐదుగురు పెద్దలున్న ఇంటికి, మనిషికి 25 గ్రాముల చొప్పున, నెలకు మూడుముప్పావు కిలోల చక్కెరే గరిష్ఠ పరిమితి. బయట కొనే బిస్కట్లు, కూల్‌డ్రింకులు, మిఠాయిలలోని చక్కెర కూడా అందులోనే లెక్కకు రావాలి. చీటీలో ఐదు కిలోలు, ఆరు కిలోలు ఉంటే ఆ ఇంటికి హెచ్చరిక అందినట్లే. బెల్లం, తేనె వాడితే ఫరవాలేదన్న ఊరట కూడా సరైనది కాదు. రక్తంలోకి చేరాక వాటి తీపి కూడా చక్కెర లాగానే పనిచేస్తుంది.

భోజనం ముగియగానే చాయ్ తాగే అలవాటు స్త్రీలకు మరింత నష్టం. చాయ్‌లోని టానిన్లు ఆహారంలోని ఇనుమును శరీరానికి అందకుండా అడ్డుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ప్రతి వందమందికి తెలంగాణలో 57 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. పాలకూర వండి, పప్పు వండి, ఆ వెంటనే చాయ్ తాగితే ఆ వంట ఫలం సగం వృథా. భోజనానికి గంట ముందు, గంట తరువాత చాయ్, కాఫీలు మానాలని పోషకాహార సంస్థ సూచిస్తున్నది. ఇక పొగలు కక్కే చాయ్ గొంతులో పోసుకోవటం గొప్ప అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక కేన్సర్‌కు దారితీసే అవకాశమున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2016లో వర్గీకరించింది. రెండు నిమిషాలు ఆగి తాగితే పోయేదేమీ లేదు.

మళ్లీ మళ్లీ కాగే నూనె

సాయంత్రం బండి మీద వేగే మిర్చిబజ్జీ, సమోసా రుచిలో దోషం లేకపోవచ్చు. అవి వేగే బాణలిలో ఉన్నది దోషం. ఒకే నూనెను పదేపదే కాచినకొద్దీ అందులో హానికర సమ్మేళనాలు పోగవుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన అమలులో ఉన్నది. నల్లబడటం, జిగురుగా మారటం, నురగ కట్టటం, సన్నని మంట మీదే పొగ రావటం చెడిన నూనె లక్షణాలు. బండి దగ్గర నిలబడిన మనకు ఇవి కంటికి కనిపిస్తూనే ఉంటాయి.

ఇంట్లో కూడా పొదుపు పేరిట వేపుడు నూనెను డబ్బాలో దాచి, మళ్లీ వేపుడుకే వాడటం కద్దు. రమజాన్ నెలలో ఇది మరీ ఎక్కువ. పగలంతా విశ్రాంతి తీసుకున్న జీర్ణాశయానికి మొట్టమొదట అందేది నిన్నటి నూనెలో వేగిన పకోడీ కావటం విచారకరం. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరకు వాడి ముగించాలి. మళ్లీ వేపుడుకు పెట్టరాదు.

వనస్పతి విషయంలోనూ జాగ్రత్త అవసరం. నూనెను గట్టిపరిచే క్రమంలో పుట్టే ట్రాన్స్ కొవ్వు, రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వులలో దీన్ని 2 శాతానికి పరిమితం చేశారు. అయినా వనస్పతిలో ధమనులకు హాని చేసే సంతృప్త కొవ్వు అధికంగానే ఉంటుంది. బేకరీ పఫ్‌లు, ఖారీ బిస్కట్లు రోజూ తినేవారు ఈ మాట మరువరాదు.

చెప్పకుండా చేరే ఉప్పు

ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచా, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఐదుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు నలభై రోజులు రావాలన్నమాట. ఇక్కడ కూడా సరుకుల చీటీయే సాక్షి. పైగా ఆవకాయ, అప్పడాలు, చిప్స్, నూడుల్స్‌లలో దాగిన ఉప్పు ఈ లెక్కలోకి రానే రాదు. అధిక ఉప్పు రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఏ నొప్పీ కలిగించకుండానే గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కూర దస్తర్‌ఖాన్ మీదికి వచ్చాక ఉప్పుడబ్బా పక్కన పెట్టకపోవటం మొదటి మెట్టు.

ప్యాకెట్టు వెనుక వైపు

హరామ్ పదార్థం ఏదైనా కలిసిందేమోనని ప్యాకెట్టు తిప్పి చదివే అలవాటు మన కుటుంబాల్లో ఉన్నది. ఇది ఎంతో మెచ్చుకోదగిన అలవాటు. అదే చూపును మరి రెండు వరుసలకు పొడిగించాలని మా మనవి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ మోతాదులో ఉంటే దాని పేరే ముందుంటుంది. ‘గోధుమ బిస్కట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉన్న ప్యాకెట్టు వెనుక తొలి పేరు మైదా, రెండవ పేరు చక్కెర అయి ఉండవచ్చు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ వంటివి చక్కెరకు మారుపేర్లే. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే అందులోని ఉప్పు తెలుస్తుంది.

సాసేజ్, సలామీ వంటి నిల్వ మాంసాల మీద హలాల్ ముద్ర ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. ఆ ముద్ర జబీహా గురించి హామీ ఇస్తుందే గాని, దానిలో కలిపిన ఉప్పు గురించి, నిల్వ రసాయనాల గురించి ఏమీ చెప్పదు. నిల్వ మాంసం కేన్సర్ కారకమని 2015లోనే తేల్చారు. రోజుకు 50 గ్రాముల చొప్పున తినేవారిలో పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ నివేదిక అంచనా. హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా, అంటే మేలైనది కూడా అయి ఉండాలన్న మన ప్రమాణాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

మార్పు ఎక్కడ మొదలవ్వాలి?

ఆతిథ్యం మన కుటుంబాల సొగసు. అతిథికి తీపి చాయ్ ఇవ్వకపోతే చిన్నబుచ్చుకుంటారన్న జంకు వల్లే ఇంటి అలవాటు మారటం లేదు. చక్కెర వేరుగా గిన్నెలో పెట్టి, ఎవరికి కావలసినంత వారు వేసుకునేలా ఇస్తే మర్యాదకు లోటేమీ రాదు. కూల్‌డ్రింకుకు బదులు మజ్జిగ, సబ్జా నీళ్లు ఇవ్వవచ్చు. బిస్కట్ల స్థానంలో వేయించిన శనగలు, పల్లీలు, కోసిన జామకాయ ముక్కలు పెట్టవచ్చు. ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖర్జూరాలు, ఉడికించిన శనగలు, పండ్లు ముందుంచి, వేపుడును వారానికి ఒకటి రెండు రోజులకు పరిమితం చేయవచ్చు. మధుమేహం ఉన్నవారు ఖర్జూరం విషయంలో కూడా వైద్యుల సలహా పాటించాలి.

చక్కెరను ఒక్కరోజులో మానటం కష్టం. కప్పుకు రెండు చెంచాలున్న చోట ఈ నెల ఒకటిన్నర, వచ్చే నెల ఒకటి చేయండి. నాలుక తనంతట తానే అలవాటుపడుతుంది. ఇదంతా వంట చేసే స్త్రీ ఒక్కరి భారం కారాదు. రాత్రి ఇంటికి వస్తూ రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తెచ్చేది ఇంటి మగవారే. పిల్లవాడి చేతిలో చిప్స్ ప్యాకెట్టు పెట్టి ఏడుపు మాన్పించేది కూడా పెద్దలే. ఆ పిల్లవాడు ముప్పై ఏళ్లకే మాత్రల డబ్బా పట్టుకోకుండా ఉండాలంటే, వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కూర్చోవాలి. పండుగనాటి బిర్యానీని నిశ్చింతగా, మితంగా తిందాం. మిగిలిన రోజుల చీటీని మాత్రం ఆ ఇద్దరూ కలిసి దిద్దుకోవాలి.