పాలపంటిలో నిలిచిపోయే సీసం

పీకించుకొన్న పిప్పిపన్నును ఎవరూ దాచుకోరు. కాని దానిని పొడిచేసి పరీక్షిస్తే, ఆ మనిషి శరీరంలో ఏయే లోహాలు ప్రవేశించాయో కొంత తెలుస్తుంది.

పన్ను ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫరస్‌లతో కట్టుకొన్నది. జింకు, స్ట్రాన్షియం వంటివి అందులో అత్యల్పంగా ఉంటాయి. సీసం కాల్షియం వలెనే ప్రవర్తించి, పన్ను రూపొందేటప్పుడు దాని చోటును ఆక్రమిస్తుంది. నెత్తురులోని సీసం సుమారు నెలరోజులలో సగానికి తగ్గుతుంది. పంటిలో చేరినది మాత్రం చాలావరకు అక్కడే ఉండిపోతుంది.

పుచ్చిన భాగాన్ని పరీక్షించేవారు తొందరపడి తీర్పు చెప్పరాదు. గుల్లబారిన పంటిపొర నోటిలోని లోహాలను తరువాత కూడా పీల్చుకోగలదు. వెండి రంగు ఫిల్లింగులో దాదాపు సగం పాదరసమే. పొగాకు ద్వారా కాడ్మియం చేరుతుంది.

పాలపళ్ళ సాక్ష్యం ఇంతకంటె బలమైనది. అమెరికా వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ మసాచుసెట్స్‌లోని చెల్సీ, సోమర్‌విల్ పట్టణాల బడిపిల్లల నుండి ఊడిన పళ్ళను సేకరించి, 1979లో ఫలితాలు ప్రకటించారు. పంటిలో సీసం అధికంగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షలలో వెనుకబడ్డారు. తరగతిలో ధ్యాస నిలపలేకపోయారు. పైకి చూస్తే వారికి ఏ జబ్బూ లేదు! మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయింది.

ఇంటిలోని సీసం సంగతి వేరు. హదీసులలో ప్రస్తావన ఉన్నది ‘ఇస్మిద్’కు, దానిని సాధారణంగా ఆంటిమొని రాయిగా వివరిస్తారు. నేడు బజారులో సుర్మా పేర అమ్మే నల్లపొడిని పలు దేశాలలో పరీక్షించగా, అనేక నమూనాలలో తేలినది గలీనా, అనగా సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. బిడ్డ కన్ను నలుపుకొని ఆ వేలినే నోట పెట్టుకొంటుంది. ఇస్మిద్‌ను గౌరవించడం వేరు, పేరు మాత్రమే కలిసిన సీసపు పొడిని పసికందు కళ్ళకు పూయడం వేరు. రెండూ ఒకటేననే దుకాణదారుని మాటను మేము అంగీకరించలేము. హజ్ నుండి తెచ్చినదైనా రాతి గుణం మారదు కదా!

పాలపళ్ళు తల్లి గర్భంలోనే కట్టుకోవడం మొదలవుతుంది. తల్లి నెత్తురులోని సీసం మావిని దాటి శిశువును చేరుతుంది. కనుక గర్భిణులు కూడా ఇటువంటి సుర్మాను మానుకోవాలి. ఇంతవరకు ఫరవాలేదనదగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చాలాకాలంగా సుర్మా పెట్టిన బిడ్డ విషయంలో పన్ను ఊడేదాకా ఆగనక్కరలేదు. వైద్యుని అడిగితే రక్తపరీక్షతోనే సీసం పాలు తెలుస్తుంది.