గట్టు దూకే ప్రోగ్రాం

మాది ప్రొద్దుటూరు. సంక్రాంతికి జమ్మలమడుగు దగ్గర చిన్నాన్న చేనుకు పోతే, పులివెందులలో ఇంజినీరింగ్ చదివే తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి ముందర పెట్టాడు. ప్రొద్దుటూరు బట్టల అంగడి ఒకదానికి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాడట. ఒక్కోసారి మొత్తం తప్పు చూపిస్తోంది, ప్రోగ్రాం మాత్రం ఆగదు. ఆగిపోయినా బాగుండేది. అంగడాయన ఆ లెక్క నమ్మే కదా బాకీలు అడిగేది!

కోడ్ చూశా. ఏడాదికి సరిపోనీలే అని 2 లక్షల పద్దులకు, ఒక్కోటి 64 బైట్లు, అర్రే కట్టాడు. అంటే 12.8 ఎంబీ. అదంతా ఒక థ్రెడ్ స్టాక్ మీద. ఆ స్టాక్ మొత్తం 8 ఎంబీనే. నింపేది మొదటి కొన్ని గడులే.

లైనక్స్‌లో స్టాక్ కిందికి పెరుగుతుంది, హీప్ పైకి. ఒకదాంట్లోకి ఒకటి పోకుండా స్టాక్ చివర గార్డ్ పేజీ అనే గట్టు ఉంటుంది. దాన్ని తాకితే ప్రోగ్రాం అక్కడే చస్తుంది.

"గట్టు ఉంది గదన్నా, మరి ఆగలేదేంటికి?" అన్నాడు.

చేను గట్టు చూపించా. నడిచేవాడు గట్టు తొక్కాల్సిందే. ఎగిరి దూకేవాడి కాలు దానికి తగలదు, నేరుగా పక్కోళ్ల శనగలో పడతాడు. అర్రే మొదటి గడి అన్నిటికన్నా కింద, గట్టు అవతల ఉంది. అక్కడ ఇంకొకరి డేటా ఉంటే దాని మీదే రాసేస్తుంది.

ఇది పాత రోగమే. 2005లోనే గాయెల్ దెలాలో బయటపెట్టాడు. లైనక్స్ 2010లో ఒక్క పేజీ, అంటే 4 కేబీ గట్టు వేసింది. 2017 జూన్ 19న క్వాలిస్ కంపెనీ వాళ్లు 'స్టాక్ క్లాష్' పేరుతో, ఆ గట్టు దూకి ఏకంగా రూట్ అధికారమే లాక్కోవచ్చని చూపించారు. కెర్నెల్ వాళ్లు గట్టును 1 ఎంబీ చేశారు. థ్రెడ్‌లకు మాత్రం మామూలుగా ఇప్పటికీ ఒక్క పేజీనే. అయినా గట్టు ఎంత వెడల్పు చేస్తే ఏం, అంతకన్నా పెద్ద దూకు ఉండనే ఉంటుంది.

అసలు మందు 2018లో జీసీసీ 8తో వచ్చింది, స్టాక్ క్లాష్ ప్రొటెక్షన్ అనే ఆప్షన్. అది దూకనీయదు. ఎంత పెద్ద అర్రే అయినా పేజీ పేజీకీ ఒక అడుగు వేయిస్తుంది. ఏదో ఒక అడుగు గట్టు మీద పడక తప్పదు. క్లాంగ్‌కు 2020లో వచ్చింది. ఉబుంటులో 19.10 నుంచి మనం అడక్కుండానే ఉంటుంది. మావాడి పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది జీసీసీ 7.

కొత్తది వేసి నడిపాం. సెగ్మెంటేషన్ ఫాల్ట్!

"చెడిపాయె గదన్నా!"

"ఇప్పుడే బాగుపడిందిరా" అన్నా.

అర్రేను హీప్‌కు మార్చేసరికి పొద్దు గూకింది. ఇన్ని నెలల లెక్కలూ మళ్లీ చూసుకోమని అంగడాయనకు చెప్పేది ఎవరు? ఇద్దరం కలిసే పోదామన్నాడు వాడు.