మా జేజి చిలుక ఎవర్ని పిలిచింది?

చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా జేజి దగ్గర పంజరంలో రామచిలుక ఉండేది. పొద్దున లేస్తే ‘రా రా’ అని ఒకటే పిలుపు. నన్నే అనుకుని మురిసిపోయేదాన్ని. దాని రెక్కలు కత్తిరించారని పెద్దయ్యాకే తెలిసింది.

మొన్న పులివెందుల నుంచి జమ్మలమడుగు పోతుంటే జొన్నచేల మీదుగా చిలుకల గుంపు అరుచుకుంటూ ఎగిరింది. వీటికి చల్లటి చోట ఓ చుట్టం ఉంది. అదే నీలిరెక్కల చిలుక. పడమటి కనుమల అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ఎండైనా, చలైనా రెండింటికీ ఎక్కువగా చెట్టు తొర్రే పురిటిల్లు. ముసలి చెట్టు కొట్టేస్తే అదీ పోయినట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టినా, అమ్మినా, పంజరంలో పెట్టినా నేరమే.

మీ ఇంట్లో చిలుక ఉంటే గబుక్కున వదిలేయకండి, రెక్కలు కత్తిరించినది ఎగరలేదు. అటవీ శాఖకు అప్పగించండి.

ఆ గుంపును చూశాక అర్థమైంది. జేజి చిలుక ‘రా రా’ అన్నది నన్ను కాదు.