లారీలో వచ్చే ఆసుపత్రి

ఆదోని మెడికల్ కాలేజీకి 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకేరోజు 14 కాలేజీలకు వర్చువల్‌గా వేసిన పునాదిరాళ్లలో అదొకటి. నాలుగు రోజులకు, జూన్ 4న, తాడిపత్రిలో అర్జాస్ స్టీల్ ఫ్యాక్టరీ దగ్గర 500 ఆక్సిజన్ పడకల కొవిడ్ ఆసుపత్రి ప్రారంభమైంది. జర్మన్ హ్యాంగర్లు నిలబెట్టి రెండు మూడు వారాల్లో పని ముగించారు. ఆదోని కాలేజీ మాటకొస్తే, దాన్ని పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) కింద ఇవ్వాలన్న నిర్ణయం 2025లో వచ్చింది.

అయితే ఆసుపత్రులన్నీ ఫ్యాక్టరీలో చేయించి తెచ్చి బిగించుకోవచ్చు కదా? కొంతవరకు చేయొచ్చు. ఆ కొంత ఎంతన్నదే ప్రశ్న.

ముందుగా ఒకటి చెప్పుకోవాలి. తాడిపత్రిలో వేసింది గట్టి డేరా. మాడ్యులర్ కట్టడం అది కాదు. మాడ్యులర్ పద్ధతిలో స్టీల్ ఫ్రేముతో గదిని గదిగానే ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. గోడలు, వైరింగ్, బాత్‌రూమ్, ఆక్సిజన్ వెళ్లే రాగి గొట్టాలు అక్కడే అమరుస్తారు. లారీలో తెచ్చి, క్రేన్‌తో దించి, పునాది మీద బోల్టులు బిగిస్తారు. కొత్త ఆలోచనేమీ కాదు. క్రిమియా యుద్ధకాలంలో, 1855లో, బ్రూనెల్ అనే ఇంజినీరు వెయ్యి మందికి సరిపడే చెక్క ఆసుపత్రిని ఇంగ్లండ్‌లో ముక్కలుగా చేయించి, ఓడల్లో టర్కీకి పంపాడు.

సమయం మిగిలేది ఎక్కడ? పెళ్లింట్లో ఒకవైపు పందిరి వేస్తుంటే ఇంకోవైపు పొయ్యి వెలిగించినట్టు, ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గదులు తయారవుతాయి. అయితే మొదటి అడ్డు పునాదే. అది ఫ్యాక్టరీలో తయారు కాదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. పత్తికి మంచిదే, కట్టడానికి కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన ఎంత తేలికైన గది పెట్టినా కింద మట్టి కదిలితే బోల్టులు వేసిన అతుకులు కదులుతాయి. అందుకే ఈ నేలలో లోతుగా పైల్స్ వేయడమో, మట్టి తీసేసి మొరం నింపడమో తప్పదు. ఆ ఖర్చు మామూలు కట్టడానికీ ఉంటుంది, దీనికీ ఉంటుంది. మాడ్యులర్ కంపెనీల బ్రోచర్లలో మాత్రం అన్నీ చదునైన పచ్చికబయళ్లే.

రెండో అడ్డు రోడ్డు. మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని నిబంధన. అంతకు మించితే ప్రత్యేక అనుమతులు కావాలి. కాబట్టి వార్డు ఒక ముక్కగా రాదు. సన్నని ముక్కలుగా వచ్చి ఇక్కడ అతుక్కుంటుంది. ఆ అతుకుల దగ్గరే వాన కారుతుంది, ఏసీ చల్లదనం జారిపోతుంది. కర్నూలు ఎండల్లో రేకు కప్పు కింద ఇన్సులేషన్ ఎంత మందంగా వేశారన్నది రోగికి చాలా పెద్ద విషయం.

మూడో అడ్డు ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. సర్కారు పనిలో ఇంజినీరు సైటుకొచ్చి టేపు పెట్టి కొలిచి, ఎం-బుక్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. గదులేమో ఎక్కడో ఫ్యాక్టరీ షెడ్డులో ఉంటాయి. కొలవడానికి సైటులో గుంత తప్ప ఏమీ ఉండదు. ఫ్యాక్టరీలోనే తనిఖీ చేసి డబ్బులిచ్చే ఏర్పాటు టెండర్‌లో ముందే రాసుకోకపోతే, రెండు నెలల పని బిల్లు దగ్గర రెండేళ్లు కూర్చుంటుంది. పైగా ఆర్డరిచ్చాక ప్లాను మార్చే వీలుండదు. స్లాబు పడ్డాక కూడా గదులు మార్చే మన అలవాటుకు ఇది కొంచెం కష్టమే.

ఇంతకీ ఈ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది? ఇప్పటికే నడుస్తున్న ఆసుపత్రి ఆవరణలో. 2021 జులైలో కేంద్రం ఆమోదించిన 23,123 కోట్ల కొవిడ్ ప్యాకేజీలో ఆరోగ్య కేంద్రాలకు 6 నుంచి 20 పడకల యూనిట్లు చేర్చాలన్నది ఒక అంశం. ఆదోని, ఎమ్మిగనూరు సర్కారు ఆసుపత్రులకు కాన్పుల వార్డో, డయాలసిస్ గదులో అలా చేర్చుకోవచ్చు. అక్కడ కరెంటు, నీళ్లు ఉన్నాయి, సిబ్బందీ ఎంతో కొంత ఉన్నారు. రోగులను అటూ ఇటూ తరలించకుండానే పని అవుతుంది. కేసు చేయి దాటితే కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. ఆదోని నుంచి అది సుమారు వంద కిలోమీటర్లు. ఆ పరుగు కొంత తగ్గినా మేలే.

మెడికల్ కాలేజీ లెక్క వేరు. అక్కడ జాప్యం సిమెంటు ఆరకపోవడం వల్ల వచ్చింది కాదు. నిధులు, నిర్ణయాలు, మారిన ప్రభుత్వాల వల్ల వచ్చింది. వాటిని తయారుచేసే ఫ్యాక్టరీ ఇంకా ఎవరూ పెట్టలేదు. అందుకే ఎవరైనా మాడ్యులర్ ఆసుపత్రి తెస్తామంటే, ఎన్ని రోజుల్లో బిగిస్తారని అడిగే ముందు నర్సుల పోస్టులకు జీవో ఎప్పుడిస్తారో అడగాలి.